బాకీదారు మీద దావా వేసేటప్పుడు జామీనుదారుకు నోటీసు ఇవ్వడం ఎలా

అప్పు తీసుకున్నవారి మీద కోర్టుకు వెళ్లేటప్పుడు, ష్యూరిటీ సంతకం పెట్టినవారి సంగతి "డిక్రీ వచ్చాక చూద్దాంలే" అని చాలామంది పక్కన పెట్టేస్తారు. ఏళ్ల తర్వాత డిక్రీ చేతికొస్తుంది, బాకీదారు పేరు మీద జప్తు చేయడానికి ఏమీ మిగల్లేదని తేలుతుంది. అప్పుడు జామీను పత్రం బయటికి తీస్తే దానికి కాలదోషం పట్టి ఉంటుంది, అంటే దావా వేసే గడువు దాటిపోయి ఉంటుంది. లేదా మధ్యలో బాకీదారుతో కుదుర్చుకున్న రాజీ వల్ల జామీనుదారు బాధ్యతే పోయి ఉంటుంది. ఈ రెండు నష్టాలనూ ఆపేది సరైన సమయంలో, సరైన మాటలతో పంపిన నోటీసు. భారత చట్టం ప్రకారం ఆ నోటీసు ఎప్పుడు పంపాలో, అందులో ఏం రాయాలో, ఎలా అందజేయాలో, పంపాక ఏం చేయాలో ఇక్కడ చెబుతున్నాం.

ముందుగా ఒక విషయం స్పష్టంగా తెలుసుకోవాలి. బాకీదారు మీద దావా వేశామని జామీనుదారుకు విడిగా తెలపాలని భారత ఒప్పందాల చట్టం, 1872 ఎక్కడా అనలేదు. సెక్షన్ 128 ప్రకారం జామీనుదారు బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సమానం, పత్రంలో వేరేగా రాసుకుంటే తప్ప. ముందు బాకీదారు దగ్గర వసూలుకు ప్రయత్నించి, అక్కడ రాకపోతేనే జామీనుదారు దగ్గరికి వెళ్లాలన్న నియమం లేదని సుప్రీంకోర్టు 1968లోనే బ్యాంక్ ఆఫ్ బిహార్ కేసులో తేల్చింది. అంటే ఇద్దరి మీదా కలిపి దావా వేయవచ్చు, ఎవరో ఒకరి మీదే వేయవచ్చు.

మరి నోటీసు ఎందుకు? కారణాలు మూడు. కొన్ని జామీను పత్రాల్లో నోటీసు ఇచ్చి అడిగితేనే చెల్లించే బాధ్యత పుడుతుందని రాసి ఉంటుంది. కాలపరిమితి లెక్క చాలాసార్లు ఆ అడిగిన తేదీ మీదే ఆధారపడుతుంది. మూడోది, జామీనుదారు దావాలో పార్టీ కాకపోతే బాకీదారు మీద వచ్చిన డిక్రీని ఆయన ఆస్తి మీద అమలు చేయలేరు. ఆయన మీద మళ్లీ దావా వేసి అప్పు ఉందని మొదటి నుంచి రుజువు చేసుకోవాలి.

ఈ మూడో అంశంలోనే ఎక్కువమంది పొరపడతారు. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో జామీనుదారుకు దావా గురించి తెలిపి, వచ్చి వాదించుకునే అవకాశం ఇస్తే, ఆ తీర్పు ఆయనకూ కట్టుబాటు అవుతుంది. ఆ పద్ధతిలో రాసిన నమూనా నోటీసులు ఇంటర్నెట్‌లో చాలా దొరుకుతాయి. వాటిని తెలుగులోకి దించి పంపితే మన కోర్టుల్లో ఆ ఫలితం రాదు. ఇక్కడ జామీనుదారును తీర్పుకు కట్టుబడేలా చేయాలంటే ఆయన్ని రెండో ప్రతివాదిగా చేర్చడమే దారి. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 1 రూల్ 6 ఒకే ఒప్పందం కింద బాధ్యులైన వారందరినీ, లేదా వారిలో కొందరిని, ఒకే దావాలో చేర్చే స్వేచ్ఛ వాదికి ఇస్తోంది. గట్టి కారణం ఏదీ లేకపోతే ఇద్దరినీ చేర్చండి. ప్రతివాదిగా చేర్చాల్సిన పనిని నోటీసు చేసిపెట్టదు.

జామీను పత్రాన్ని చదవాల్సిన పద్ధతి

నోటీసు రాయబోయే ముందు జామీను పత్రాన్ని పెన్సిలు పట్టుకుని చదవండి. ప్రామిసరీ నోటు అడుగున "ష్యూరిటీ" అని రాసి సంతకం పెట్టించుకున్న ఒక్క ముక్కే ఉన్నా, అది ఏం చెబుతోందో, ఏం చెప్పడం లేదో గమనించండి. సెక్షన్ 126 ప్రకారం జామీను నోటి మాటగా కూడా ఉండవచ్చు. కానీ నోటి మాటను కోర్టులో రుజువు చేయడం కష్టం. అలాంటి జామీను మీద వెళ్తుంటే, జామీనుదారు ఎప్పుడైనా పంపిన మెసేజీలు, ఆయన ఖాతా నుంచి వచ్చిన చెల్లింపులు ముందే పోగుచేసుకోండి.

పత్రంలో మొదట చూడాల్సింది "అడిగిన వెంటనే చెల్లిస్తాను" అన్న మాట ఉందా, లేదా అన్నది. ఉంటే గడువు లెక్క మారిపోతుంది, దాని సంగతి కిందే చెప్తాం. రెండోది పరిమితి. అప్పు 4,00,000 అయినా జామీను 3,00,000 వరకే కావచ్చు. వడ్డీకి, ఖర్చులకు కూడా జామీను ఉందా, లేక అసలుకేనా అన్నది అక్కడే తేలుతుంది. మూడోది నోటీసు పంపాల్సిన చిరునామా, పద్ధతి, ఇవ్వాల్సిన రోజులు. "15 రోజుల రాతపూర్వక నోటీసు" అని ఉంటే 7 రోజుల నోటీసు పనికిరాదు. నాలుగోది, బాకీదారుకు గడువు పెంచినా, రాజీ పడినా తన బాధ్యత పోదని జామీనుదారు ముందే ఒప్పుకున్న షరతు. బ్యాంకుల అచ్చు ఫారాల్లో ఇది దాదాపుగా ఉంటుంది. ఊళ్లలో రాసుకునే నోట్లలో అరుదు.

కాలపరిమితి లెక్క

దావా గెలుపోటములు చాలాసార్లు ఈ లెక్క దగ్గరే తేలిపోతాయి కాబట్టి ఒక ఉదాహరణ తీసుకుందాం. 2023 ఏప్రిల్ 1న 4,00,000 అప్పు, 12 శాతం సాధారణ వడ్డీ, అడిగినప్పుడు చెల్లించాల్సిన ప్రామిసరీ నోటు. అదే రోజు జామీను సంతకం, 3,00,000 పరిమితితో. 2024 అక్టోబరు 1న బాకీదారు 60,000 కట్టి, నోటు వెనక తన చేత్తో చెల్లు రాసి సంతకం పెట్టాడు.

బాకీదారు మీద దావాకు 3 ఏళ్ల గడువు నోటు తేదీ నుంచి మొదలవుతుంది. గడువు దాటకముందే చెల్లు రాశాడు కాబట్టి, లిమిటేషన్ చట్టం సెక్షన్ 19 ప్రకారం 2024 అక్టోబరు 1 నుంచి కొత్తగా 3 ఏళ్లు వస్తాయి. వచ్చిన చిక్కల్లా జామీనుదారు దగ్గరే. బాకీదారు రాసిన చెల్లు, బాకీదారు రాసిచ్చిన ఒప్పుదల పత్రం జామీనుదారు మీద కూడా గడువు పెంచుతాయని నమ్ముకోవద్దు. ఆయన సంతకం లేని కాగితం ఆయన మీద పనిచేయదన్న వాదన తప్పకుండా వస్తుంది. కాబట్టి ఈ ఉదాహరణలో జామీనుదారుకు సంబంధించినంతవరకు 2026 మార్చి నెలాఖరునే చివరి గడువుగా పెట్టుకుని కదలాలి. చెల్లు రాయించుకునే రోజున జామీనుదారు చేత కూడా, "ఈ చెల్లును, మిగిలిన బాకీకి నా జామీను కొనసాగడాన్ని ఒప్పుకుంటున్నాను" అని ఒక వాక్యం రాయించి సంతకం, తేదీ పెట్టించుకుంటే ఈ తలనొప్పే ఉండదు.

జామీను పత్రంలో "అడిగినప్పుడు చెల్లిస్తాను" అని ఉంటే, జామీనుదారు మీద 3 ఏళ్లు ఆయన్ని అడిగిన తర్వాతే మొదలవుతాయని సుప్రీంకోర్టు 2006లో సిండికేట్ బ్యాంకు కేసులో చెప్పింది. అదే తీర్పులో ఇంకో ముఖ్యమైన మాట ఉంది. బాకీదారు మీద అప్పుకు అప్పటికే కాలదోషం పట్టి ఉంటే, ఆ తర్వాత మొదటిసారిగా జామీనుదారును అడగడం కుదరదు. అడిగిన తేదీ నుంచి గడువు వస్తుంది కదా అని నోటీసును ఎంతకాలమైనా దాచుకోకూడదు. బాకీదారు మీద హక్కు బతికి ఉండగానే అది చేరాలి.

నోటీసు రెండు విడతలు

మొదటిది దావాకు ముందు పంపే డిమాండ్ నోటీసు. బాకీదారుకు, జామీనుదారుకు ఒకే రోజు, విడివిడి కవర్లలో పంపండి. సాధారణంగా 15 రోజుల గడువు ఇస్తారు, పత్రంలో ఎక్కువ ఉంటే అంతే ఇవ్వాలి. కాలదోషం ముంచుకొస్తుంటే, పత్రం నోటీసును తప్పనిసరి చేయనప్పుడు, నోటీసు గడువు తీరేదాకా ఆగకుండా దావా వేసేయండి. నోటీసు పంపిన రోజులు కాలపరిమితిని ఆపవు.

వ్యాపార లావాదేవీ అయ్యి, విలువ 3,00,000 లేదా ఆపైన ఉండి, అత్యవసర ఉత్తర్వు ఏదీ కోరకపోతే, కమర్షియల్ కోర్టుల చట్టం సెక్షన్ 12ఎ ప్రకారం దావాకు ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లడం తప్పనిసరి. ఆ దరఖాస్తులో జామీనుదారును కూడా ఎదుటి పక్షంగా చూపించండి. బాకీదారు ఒక్కడినే చూపించి, తర్వాత ఇద్దరి మీద దావా వేస్తే జామీనుదారు లాయరు మొదట పట్టుకునేది అదే.

రెండో విడత దావా నెంబరు పడిన తర్వాత. మన తెలుగు రాష్ట్రాల కోర్టుల్లో దావా పత్రం దాఖలు చేయగానే ముందు ఎస్.ఆర్. నెంబరు అనే తాత్కాలిక నెంబరు వస్తుంది. ఆఫీసు పరిశీలనలో కోర్టు ఫీజు తక్కువ పడినా, ఒక పత్రం నకలు లేకపోయినా కాగితాలు వాపసు వస్తాయి. అన్నీ సరిచేశాకే ఓ.ఎస్. నెంబరు, అంటే అసలు దావా నెంబరు, వేస్తారు. ఎస్.ఆర్. నెంబరుతో నోటీసు పంపితే, జామీనుదారు ఈ-కోర్టుల వెబ్‌సైటులో వెతికినా ఏమీ దొరక్క, దావా వేయలేదనే అనుకుంటాడు. ఓ.ఎస్. నెంబరు, ఈ-కోర్టుల వెబ్‌సైటులో కేసు వెతకడానికి ఇచ్చే 16 అక్షరాల సి.ఎన్.ఆర్. నెంబరు, మొదటి వాయిదా తేదీ చేతికి వచ్చిన వారంలోపు పంపండి.

జామీనుదారును ప్రతివాదిగా చేర్చితే కోర్టు సమన్లే ఈ రెండో పని చేస్తాయి. అయినా ఒక మామూలు ఉత్తరం పంపడం మంచిదని మా అభిప్రాయం, ఎందుకంటే సమన్లు చేరడానికి నెలలు పట్టవచ్చు. జామీనుదారుకు ముందే తెలిస్తే, ఆయనే బాకీదారు మీద ఒత్తిడి తెచ్చి కట్టించిన సందర్భాలు ఎన్నో. ఆయన్ని చేర్చకుండా బాకీదారు ఒక్కడి మీదే దావా వేసినప్పుడు మాత్రం ఈ రెండో నోటీసు చాలా అవసరం.

నోటీసులో ఏం రాయాలి

లాయరు చేతే పంపాలన్న నిబంధన లేదు. అప్పిచ్చినవారే రాసి సంతకం పెట్టవచ్చు. పై ఉదాహరణతోనే, బాకీదారు ఒక్కడి మీదే దావా వేసిన సందర్భానికి ఒక నోటీసు ఇలా ఉంటుంది:

విషయం: 2023 ఏప్రిల్ 1 నాటి జామీను కింద చెల్లించవలసిందిగా కోరడం, దావా సమాచారం తెలపడం.

అయ్యా, మీ జామీను మీద ఫలానా వారికి నేను 2023 ఏప్రిల్ 1న 4,00,000 రూపాయలు ప్రామిసరీ నోటు కింద అప్పు ఇచ్చాను. ఆ బాకీకి 3,00,000 రూపాయల పరిమితి మేరకు మీరు అదే రోజు జామీను సంతకం చేశారు. 2025 సెప్టెంబరు 30 నాటికి వడ్డీ 1,20,000 కాగా, 2024 అక్టోబరు 1న అందిన 60,000 వడ్డీ కింద జమ చేశాను. అసలు 4,00,000, వడ్డీ 60,000, మొత్తం 4,60,000 రూపాయలు బాకీ ఉంది. ఈ బాకీ వసూలుకు ఫలానా సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఓ.ఎస్. నెంబరు ఫలానాగా దావా నడుస్తోంది. సి.ఎన్.ఆర్. నెంబరు ఫలానా. మొదటి వాయిదా ఫలానా తేదీ. దావా పత్రం, ప్రామిసరీ నోటు, చెల్లు, జామీను పత్రం నకళ్లు జతపరిచాను.

మీ జామీను కింద 3,00,000 రూపాయలు ఈ నోటీసు అందిన 15 రోజుల్లో కింది బ్యాంకు ఖాతాలో జమ చేయవలసిందిగా కోరుతున్నాను. పై దావా వేసినంత మాత్రాన మీ జామీను మీద నా హక్కులు వేటినీ వదులుకోలేదు. ఈ అప్పుకు తాకట్టుగా నా దగ్గర ఫలానా వస్తువులు ఉన్నాయి, లేదా ఏ తాకట్టూ లేదు. బాకీ లెక్క మీద గానీ, జామీను మీద గానీ మీకు అభ్యంతరాలుంటే రాతపూర్వకంగా తెలపండి. దావాలో మీరు కూడా హాజరై వాదించుకోదలిస్తే కోర్టులో దరఖాస్తు పెట్టుకోవచ్చు, దానికి నాకు అభ్యంతరం లేదు.

ఇందులో కొన్ని మాటల వెనక కారణం ఉంది. మొత్తం 4,60,000 అని చెబుతూనే అడిగింది 3,00,000 మాత్రమే. పరిమితి దాటి అడిగితే నోటీసే చెల్లదని కాదు గానీ, ఎదుటివారికి మొదటి జవాబు మనమే చేతికందించినట్టవుతుంది. జామీను పత్రంలో వడ్డీకీ, ఖర్చులకూ ఒప్పుకుని ఉంటేనే 3,00,000 మీద అవి కూడా కలపండి. లెక్క ఏ తేదీకి వేశారో తప్పక రాయండి. "ఇప్పటివరకు వడ్డీతో సహా" లాంటి మాటలు తర్వాత కోర్టులో ఎన్నో ప్రశ్నలకు తావిస్తాయి.

తాకట్టు గురించిన వాక్యాన్ని వదిలేయకండి. ఒప్పందాల చట్టం సెక్షన్ 141 ప్రకారం, జామీను సమయానికి అప్పిచ్చినవారి దగ్గరున్న తాకట్టును జామీనుదారు అనుమతి లేకుండా వదిలేస్తే లేదా పోగొడితే, ఆ విలువ మేరకు ఆయన బాధ్యత తగ్గిపోతుంది. బంగారం తిరిగి ఇచ్చేసి, ఆ సంగతి చెప్పకుండా పూర్తి మొత్తం అడిగిన నోటీసు తర్వాత మీకే ఎదురుతిరుగుతుంది.

బెదిరింపులు, పరువు మాటలు ఒక్కటి కూడా వద్దు. నోటీసును కవర్లోనే పంపండి. పోస్టు కార్డు మీద రాయడం, జామీనుదారు పనిచేసే ఆఫీసుకు పంపడం, వాట్సాప్ గ్రూపులో పెట్టడం, ఇవన్నీ వసూలుకు ఏమీ సాయపడవు. పైగా మీ మీదే పరువునష్టం కేసుకు దారితీస్తాయి.

అందజేయడం, రుజువు దాచుకోవడం

2025లో తపాలా శాఖ రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేసింది. పాత అలవాటు కొద్దీ కౌంటరులో "రిజిస్టర్ పోస్టు" అని అడిగితే స్పీడ్ పోస్టులోనే రిజిస్ట్రేషన్ సదుపాయం జోడిస్తారు. చేరినట్టు సంతకంతో రుజువు కావాలని చెప్పి తీసుకోండి. రశీదు మీద చిరునామా, పిన్ కోడ్ సరిగ్గా పడ్డాయో లేదో అక్కడే చూసుకోండి. ఒక్క అంకె తప్పితే "చిరునామా సరిగా రాసి, సరిగా పంపినట్టు" చూపించలేరు. అప్పుడు జనరల్ క్లాజెస్ చట్టం సెక్షన్ 27 ఇచ్చే, పోస్టులో పంపితే చేరినట్టే అన్న ఊహ కూడా మీకు దక్కదు.

చిరునామా విషయంలో జామీను పత్రంలో ఉన్నదానికి తప్పక పంపండి. ఇప్పుడు ఉంటున్న చోటు తెలిస్తే అక్కడికి కూడా ఇంకొకటి. ఈమెయిలుకు పి.డి.ఎఫ్. రూపంలో, వాట్సాప్‌లో ఫొటో రూపంలో పంపడం అదనపు జాగ్రత్త. అవి తర్వాత సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం, 2023 సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. కాబట్టి పంపిన ఫోను మార్చినా, ఆ సంభాషణను చెరిపేయకండి.

కవరు "తీసుకోలేదు", "తలుపు తాళం", "అడ్రసులో లేరు" అన్న రాతతో తిరిగి రావచ్చు. దాన్ని విప్పకండి. మూత వేసిన కవరు మీద పోస్ట్‌మ్యాన్ రాసిన మాట, తేదీ, ముద్ర అలాగే ఉండాలి, కోర్టులో అదే చూపించాలి. తీసుకోవడానికి నిరాకరిస్తే అందినట్టే లెక్క. తలుపు తాళం అయితే ఇంకోసారి పంపండి. నోటీసు నకలు, రశీదు, ట్రాకింగ్ పేజీ ప్రింటు, తిరిగొచ్చిన కవరు, అన్నీ ఒకే ఫైలులో పెట్టండి. ట్రాకింగ్ సమాచారం కొంతకాలం తర్వాత వెబ్‌సైటులో కనిపించదు, అందుకే ప్రింటు చేరిన రోజునే తీయాలి.

జామీనుదారు మరణించి ఉంటే, అప్పటికే పుట్టిన బాధ్యత ఆయన ఆస్తి మీద ఉంటుంది. వారసులకు వారి వారి పేర్లతో నోటీసు ఇవ్వండి, వారసత్వంగా వచ్చిన ఆస్తి మేరకే అడుగుతున్నట్టు రాయండి. జరుగుతూ ఉండే లావాదేవీలకు ఇచ్చిన జామీను అయితే, ఒప్పందాల చట్టం సెక్షన్ 131 ప్రకారం మరణం తర్వాత ఇచ్చిన కొత్త అప్పులకు ఆ జామీను వర్తించదు. అలా వద్దని పత్రంలో రాసుకుంటే తప్ప. జామీనుదారులు ఇద్దరు ముగ్గురు ఉంటే ప్రతి ఒక్కరికీ విడివిడి నోటీసు ఇవ్వాలి, ఒకరికి అందింది కదా అని ఇంకొకరిని వదలకూడదు.

ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చినప్పుడు

ఎందరు ప్రతివాదులుంటే అన్ని దావా పత్రం నకళ్లు, సమన్ల బట్టా (సమన్లు చేర్చే ఖర్చు) కోర్టు చెప్పిన 7 రోజుల్లో కట్టాలి. సమన్లు చేరకుండా వాపసు వస్తే, మళ్లీ సమన్లకు దరఖాస్తు 7 రోజుల్లో పెట్టకపోతే, ఆర్డర్ 9 రూల్ 5 కింద ఆ ప్రతివాది మీద దావా కొట్టేసే ప్రమాదం ఉంది. బాకీదారుకు సమన్లు అందాయని నిశ్చింతగా ఉండి, జామీనుదారు మీద ఇలా చేజార్చుకునేవారు ఉన్నారు. కోర్టు అనుమతితో మీరే సమన్లు అందజేసే దస్తీ పద్ధతి ఉంది, అడగండి. సమన్లు అందాక జవాబు దావా వేయడానికి 30 రోజులు, కోర్టు పెంచితే 90 రోజుల దాకా.

రాతపూర్వక జామీను, ప్రామిసరీ నోటు మీద నిర్ణీత మొత్తం కోసం వేసే దావా అయితే, ఆర్డర్ 37 కింద సమ్మరీ దావా వేసే వీలుందేమో మీ లాయరును అడగండి. అందులో ప్రతివాది 10 రోజుల్లో హాజరు కావాలి, వాదించడానికి కోర్టు అనుమతి తెచ్చుకోవాలి.

చిట్‌ఫండ్ కంపెనీలో చిట్టీ పాడుకున్నవారి ష్యూరిటీల మీద అయితే సివిల్ కోర్టుకు కాదు, చిట్ ఫండ్స్ చట్టం, 1982 సెక్షన్ 64 ప్రకారం రిజిస్ట్రారు దగ్గరికి వెళ్లాలి. నోటీసులో కోర్టు పేరు బదులు అక్కడి వివరాలు రాయాలి. బ్యాంకు స్థిరాస్తి తాకట్టు మీద సర్ఫేసీ చట్టం కింద వెళ్తే, ఆ చట్టంలో "రుణగ్రహీత" అన్న మాటలోనే జామీనుదారు కూడా ఉన్నాడు. కాబట్టి సెక్షన్ 13(2) కింద 60 రోజుల నోటీసు ఆయనకూ ఇవ్వాలి. కంపెనీ అప్పుకు వ్యక్తిగత జామీను ఇచ్చినవారి మీద దివాలా చట్టం కింద వెళ్లాలంటే, 2019 నిబంధనల్లోని ఫారం-బిలో డిమాండ్ నోటీసు ఇచ్చి 14 రోజులు ఆగాలి. ఈ మూడింటిలోనూ మామూలు లీగల్ నోటీసు సరిపోదు.

దావా నడుస్తుండగా మళ్లీ తెలపాల్సినవి

ఒక్క నోటీసుతో పని అయిపోలేదు. దావా మధ్యలో జరిగే కొన్ని పనులు జామీనును చంపేస్తాయి.

అన్నింటికన్నా ప్రమాదం రాజీ. లోక్ అదాలత్‌లో బాకీదారు "నెలకు 10,000 కడతాను" అంటాడు, మీరు సరే అని సంతకం పెడతారు. జామీనుదారు ఒప్పుకోలు లేకుండా బాకీదారుతో రాజీ పడినా, గడువు ఇస్తానని మాట ఇచ్చినా, దావా వేయనని ఒప్పుకున్నా, ఒప్పందాల చట్టం సెక్షన్ 135 కింద జామీనుదారు విముక్తుడవుతాడు. ఒప్పందం ఏదీ లేకుండా ఊరికే ఆగితే ఆ ప్రమాదం లేదు, సెక్షన్ 137 ఆ సంగతి చెబుతోంది. కాబట్టి రాజీ కాగితం మీద సంతకం పెట్టేముందు, షరతులన్నీ రాసి జామీనుదారుకు పంపి, "ఈ షరతులకు నేను సమ్మతిస్తున్నాను, నా జామీను కొనసాగుతుంది" అని ఆయన సంతకం తీసుకోండి. ఆయన మౌనాన్ని సమ్మతిగా లెక్కపెట్టకండి. ఆయన కూడా దావాలో ఉంటే రాజీ పత్రం మీదే సంతకం పెట్టించండి.

వడ్డీ రేటు మార్చినా, అసలు పత్రానికి సవరణ రాసుకున్నా ఇదే పద్ధతి. సెక్షన్ 133 ప్రకారం ఆయన సమ్మతి లేని మార్పు, ఆ తర్వాతి లావాదేవీలకు ఆయన బాధ్యతను తీసేస్తుంది. ఇద్దరు జామీనుదారుల్లో ఒకరిని వదిలేస్తే మాత్రం రెండోవారి బాధ్యత పోదు. తాకట్టు అమ్మబోయే ముందు తేదీ, చోటు, కనీస ధర తెలుపుతూ ఉత్తరం రాయండి. తక్కువకు అమ్మేశారన్న వాదన తర్వాత రాకుండా ఉంటుంది. డిక్రీ వచ్చాక దాని సర్టిఫైడ్ నకలు పంపి మళ్లీ మొత్తం అడగండి.

ఇంకో రకం జామీను ఉంది. డిక్రీ మొత్తం కడతామని, లేదా జప్తు చేసిన వస్తువు తెచ్చి ఇస్తామని కోర్టుకే రాసిచ్చే ష్యూరిటీ. వీరి మీద కొత్త దావా అక్కర్లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 145 కింద అదే డిక్రీని అమలు చేయవచ్చు. అయితే కోర్టు సరిపోతుందని భావించిన రాతపూర్వక నోటీసు ముందుగా వారికి అందాలి. అమలు పిటిషనులోనే ఆ నోటీసు కోసం అడగాలి.

జామీనుదారు చేతికి ఈ నోటీసు వస్తే

వచ్చిన తేదీని కవరు మీదే రాసుకుని, కవరు దాచండి. సి.ఎన్.ఆర్. నెంబరుతో ఈ-కోర్టుల వెబ్‌సైటులో దావా నిజమో కాదో చూసుకోండి. తర్వాత పరిమితి, చెల్లింపులు, మీ సమ్మతి లేకుండా జరిగిన మార్పులు, కాలదోషం, ఈ నాలుగూ సరిచూసి, గడువులోపు రాతపూర్వకంగా జవాబివ్వండి. అసలు బాకీదారుకు అదే రోజు ఉత్తరం రాసి, నోటీసు నకలు జతచేసి, దావాలో హాజరై వాదించమనండి లేదా కట్టేయమనండి. బాకీదారు కోర్టుకు రాకుండా ఎక్స్‌పార్టీగా ఉండిపోయే సూచనలు కనిపిస్తే, మిమ్మల్ని కూడా పార్టీగా చేర్చమని ఆర్డర్ 1 రూల్ 10 కింద దరఖాస్తు పెట్టుకునే ఆలోచన చేయండి.

సరైన కారణం లేకుండా కోర్టులో పోరాడితే ఆ ఖర్చులు మీ నెత్తినే పడతాయి. బాకీదారు నుంచి మీరు రాబట్టుకోగలిగేది న్యాయంగా చెల్లించిన మొత్తమేనని సెక్షన్ 145 అంటోంది. ఆ సెక్షన్ కిందున్న ఉదాహరణల్లో, తగిన కారణంతో దావాను ఎదుర్కొన్న జామీనుదారుకు ఖర్చులు కూడా వస్తాయి, కారణం లేకుండా ఎదుర్కొన్నవారికి అసలు మాత్రమే వస్తుంది. ఇది ఒప్పందాల చట్టంలోని సెక్షన్ 145, పైన చెప్పిన ప్రొసీజర్ కోడ్ సెక్షన్ కాదు.

కట్టాలని నిర్ణయిస్తే బ్యాంకు ద్వారానే కట్టి, "ఫలానా వారి బాకీకి జామీనుదారుగా" అని రాసిన రశీదు తీసుకోండి. అప్పిచ్చినవారు కూడా ఈ రశీదు ఇవ్వడానికి వెనకాడకూడదు. మీ బాధ్యత మేరకు పూర్తిగా చెల్లించాక అప్పిచ్చినవారి హక్కులు సెక్షన్ 140 కింద మీకు సంక్రమిస్తాయి, తాకట్టు కాగితాలు, వస్తువులు మీకు అప్పగించాలి. ఇతర జామీనుదారులు ఉంటే వారి వాటా కూడా అడగవచ్చు. బాకీదారు మీద మీ దావాకు 3 ఏళ్ల గడువు మీరు చెల్లించిన తేదీ నుంచి నడుస్తుంది, విడతలుగా కడితే ప్రతి విడతకూ రశీదు, తేదీ విడిగా ఉండేలా చూసుకోండి.